కోడింగ్ రాదా? ఒక పట్టిక పెట్టి చూపించండి

టూల్ నేర్చుకోవడానికి ఒక పూట చాలు. ఆ పట్టికను జనం నమ్మేలా నిలబెట్టడమే అసలు నైపుణ్యం

పూతలపట్టు క్రాస్‌లో తిరుపతి బస్సు కోసం నిలబడి ఉంటే ఒక డిగ్రీ ఫైనలియర్ అబ్బాయి పలకరించాడు. బీకాం కంప్యూటర్స్ చదువుతున్నాడు. "అన్నా, నాకు కోడింగ్ రాదు. మా క్లాసులో వచ్చినోళ్లంతా బెంగళూరికి పోయి కోర్సుల్లో చేరినారు. ఇంగ నాలాంటోడికి వెబ్‌సైట్ పని ఎవరిస్తారు?" అని అడిగాడు. బస్సు వచ్చేలోపు నేను చెప్పగలిగింది ఒక్కటే. "నీకు ఎక్సెల్ షీటు నింపడం వచ్చు కదా. దాన్నే పదిమందికి పనికొచ్చేలా ఇంటర్నెట్‌లో పెట్టి చూపించు" అన్నాను. ఆ మాట అతనికి మరీ చిన్నదిగా అనిపించినట్టుంది, నవ్వి ఊరుకున్నాడు. బస్టాపులో సగంలో ఆగిన ఆ మాటను ఇక్కడ పూర్తి చేస్తాను.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. కోడింగ్ రాని విద్యార్థి దగ్గర పది ఆన్‌లైన్ సర్టిఫికెట్లు ఉండటం కంటే, సొంతంగా పెట్టి ఆర్నెల్లు తప్పుల్లేకుండా నడిపిన ఒక్క సమాచార పట్టిక ఉండటం మేలు. కారణం సింపుల్. సర్టిఫికెట్ మీరు కోర్సు పూర్తి చేశారని చెబుతుంది. పట్టిక మీరు పని ఎలా చేస్తారో చూపిస్తుంది.

మనం రోజూ చూసేది పట్టికలే

ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పరీక్షల టైమ్‌టేబుల్, ఫలితాలు, కాలేజీ ఫీజులు, కౌన్సెలింగ్ కటాఫ్‌లు, బస్సు వేళలు, మార్కెట్ యార్డు ధరలు. మీరు వెబ్‌సైట్లలో వెతికే వాటిలో చాలావరకు అడ్డం నిలువు గళ్లలోనే ఉంటాయి. ఆ గళ్లను ఎవరో ఒకరు నింపాలి, సరిచూడాలి, పాతవి తీసి కొత్తవి పెట్టాలి. ఆ పని చేసేవాళ్లందరూ ప్రోగ్రామర్లు కారు. ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్, ఆన్‌లైన్ షాపింగ్ సైట్లలో కేటలాగ్ చూసే ఉద్యోగి, పత్రికల డిజిటల్ డెస్క్, కాలేజీ వెబ్‌సైట్ చూసుకునే ఆఫీసు అసిస్టెంట్, స్వచ్ఛంద సంస్థలో సర్వే వివరాలు కూర్చేవాళ్లు, వీళ్లందరి రోజువారీ పని ఇదే.

మన చుట్టుపక్కలే చూడండి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, బెల్లం వ్యాపారులు, నర్సరీలు, ట్రావెల్స్, కాణిపాకం దారిలో లాడ్జీలు. వీళ్లలో చాలామందికి వెబ్‌సైటే ఉండదు. ఉన్నా అందులో రేట్లు రెండేళ్ల కిందటివి కనిపిస్తాయి. కొత్త సైటు కట్టించుకోవడానికి వీళ్లు ఖర్చు పెట్టకపోవచ్చు. ఉన్న సైట్‌లో ధరల పట్టిక సరిగా పెట్టి, వారం వారం మార్చే మనిషి మాత్రం వీళ్లకు కావాలి.

నేను చేసిన రెండు తప్పులు

నీతులు చెప్పేముందు నా సంగతి చెప్పాలి. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక వెబ్‌సైట్‌లో ధరల పట్టిక పెట్టే బాధ్యత నాకిచ్చారు. నేను ఎక్సెల్‌లో చక్కగా రంగులు వేసి, స్క్రీన్‌షాట్ తీసి, ఆ బొమ్మను పేజీలో పెట్టేశాను. కంప్యూటర్‌లో భలే ఉంది. ఫోన్‌లో చూస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఒక్క అంకె మారితే మళ్లీ బొమ్మ మొత్తం చేయాలి. అందులో పేరు వెతికితే దొరకదు. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్‌కు అది వట్టి బొమ్మే, లోపల ఏముందో చదవలేదు. పట్టికను ఫొటోగా పెట్టడం మొదటి తప్పు.

రెండోది ఇంకా పెద్దది. పట్టిక పైన "టన్ను ధర" అని రాసి, కింద రెండు వరుసల్లో క్వింటా ధర దించాను. మరుసటి రోజు ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. "నాయనా, ఇది టన్నుకా, క్వింటాకా? నేను బండి మాట్లాడుకోవాల" అన్నాడు. కోపం లేదు, తిట్టలేదు. ఆ ఒక్క ప్రశ్నతో నాకు చెమటలు పట్టాయి. ఆయన ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది. ఫోన్ చేయకుండా బండి ఎత్తుకున్నవాళ్ల సంగతేంటి? నా పేజీ మీద అంకెను చూసి ఎవరో డబ్బు ఖర్చు పెడతారన్న విషయం నాకు ఆ రోజే అర్థమైంది.

ఈ రెండు తప్పులకూ కోడింగ్‌తో సంబంధం లేదు. పెద్ద ప్రోగ్రామర్ అయినా ఈ తప్పులు చేయొచ్చు. కోడింగ్ రానివాళ్లూ వీటిని తప్పించుకోవచ్చు. అందుకే ధైర్యంగా ఉండమంటున్నా.

టూల్స్: ఏది, ఎప్పుడు?

మొదట అందరికీ అందుబాటులో ఉన్నది గూగుల్ షీట్స్. కంప్యూటర్ బ్రౌజర్‌లో షీటు తెరిచి, 'ఫైల్' మెనూలో 'షేర్', అందులో 'పబ్లిష్ టు వెబ్' నొక్కండి. ఫైలు మొత్తం కాకుండా మీకు కావాల్సిన ఒక్క షీటునే ఎంచుకోండి. 'ఎంబెడ్' అనే చోట ఒక చిన్న కోడ్ ముక్క ఇస్తుంది. దాన్ని మీరు రాయక్కర్లేదు, కాపీ చేసి మీ పేజీలో అతికిస్తే చాలు. ఆ తర్వాత షీటులో అంకె మారిస్తే కాసేపటికి వెబ్‌సైట్‌లోనూ మారుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, పబ్లిష్ చేసిందంటే లోకమంతా చూడొచ్చు. పక్క షీటులో అమ్మానాన్నల ఫోన్ నంబర్లు ఉంటే అవీ బయటికి పోతాయి.

సొంత సైటు లేదా? గూగుల్ సైట్స్‌లో ఉచితంగా ఒక పేజీ చేసుకుని, 'ఇన్సర్ట్' నుంచి డ్రైవ్‌లో ఉన్న షీటును అందులో పెట్టొచ్చు. ఇక్కడ చాలామంది పడే గుంత ఒకటుంది. మీ ఖాతాతో చూస్తే పట్టిక బ్రహ్మాండంగా కనిపిస్తుంది. మిగతావాళ్లకు మాత్రం "పర్మిషన్ కావాలి" అని వస్తుంది. షేరింగ్ సెట్ చేయకపోవడమే దీనికి కారణం. అందుకే పెట్టిన వెంటనే ఇన్‌కాగ్నిటో విండోలో ఒకసారి, మీ అమ్మ ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడండి.

వర్డ్‌ప్రెస్ సైటు అయితే, 2018 డిసెంబరులో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి అందులో 'టేబుల్' బ్లాక్ ఉంది. పది ఇరవై వరుసలకు అది చాలు. వరుసలు పెరిగి, జనం వెతుక్కోవాలి, ధర ప్రకారం పైకీ కిందకీ సర్దుకోవాలి అంటే 'టేబుల్‌ప్రెస్' అనే ఉచిత ప్లగిన్ ఉంది. ఎక్సెల్ ఫైలునో సీఎస్‌వీ ఫైలునో అందులోకి దిగుమతి చేస్తే ఒక షార్ట్‌కోడ్ ఇస్తుంది. దాన్ని పేజీలో పెడితే పట్టిక వచ్చేస్తుంది.

పత్రికల్లో కనిపించేలాంటి శుభ్రమైన పట్టిక కావాలంటే 'డేటార్యాపర్' చూడండి. జర్మనీలో 2012లో జర్నలిస్టుల కోసం మొదలైన టూల్ ఇది. ఉచిత ఖాతాతోనే షీటులోని అంకెలు అతికించి, వెతికే పెట్టె పెట్టి, ఫోన్‌లో ఎలా కనిపిస్తుందో అక్కడే చూసుకుని, ప్రచురించొచ్చు.

ఈ నాలుగూ నేర్చుకోవాలా? అక్కర్లేదు. ఒకటి బాగా వస్తే మిగతావి గంటలో వస్తాయి. పైగా ఏ టూల్ అయినా రేపు డబ్బులు అడగొచ్చు, మూతపడొచ్చు. మీ అసలు సమాచారాన్ని ఎప్పుడూ సీఎస్‌వీ ఫైలుగా మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి. టూల్ అద్దె ఇల్లు లాంటిది. సామాను మాత్రం మీదే.

మొదటి పాఠం: నాలుగు వరుసల పట్టిక

మొదటిసారే వెయ్యి వరుసలు ఎత్తుకోకండి. మన పూతలపట్టు అసెంబ్లీ నియోజకవర్గాన్నే తీసుకోండి. 2008 పునర్విభజనలో ఏర్పడింది, ఎస్సీ రిజర్వుడు. 2009, 2014, 2019, 2024లో సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. అంటే నాలుగే వరుసలు. సంవత్సరం, గెలిచిన అభ్యర్థి, పార్టీ, వచ్చిన ఓట్లు, రెండో స్థానం, మెజారిటీ. ఎన్నికల సంఘం నివేదికలు చూసి నింపండి. గంట పని.

నింపుతుంటే ఒక ప్రశ్న వస్తుంది. అంతకుముందు సంగతేంటి? ఈ చుట్టుపక్కల 2004 ఎన్నికల వరకు వేపంజేరి నియోజకవర్గం ఉండేది, పునర్విభజనలో రద్దయింది. ఆ ఫలితాలనూ ఇదే పట్టికలో కలిపేయాలా? కలిపితే వరుసలు పెరిగి పట్టిక నిండుగా కనిపిస్తుంది. కానీ రెంటి సరిహద్దులు ఒకటి కావు. కలిపితే చదివేవాళ్లను తప్పుదారి పట్టించినట్టే. వేరే పట్టిక పెట్టి, కింద ఒక వాక్యం రాయడం సరైన పని. జిల్లా లెక్కలకూ ఇదే జాగ్రత్త. 66 మండలాల పాత చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్‌లో విడిపోయింది. 2021 'చిత్తూరు జిల్లా' అంకెను 2023 'చిత్తూరు జిల్లా' అంకె పక్కన పెట్టి "సగం పడిపోయింది" అంటే అది వార్త కాదు, పొరపాటు.

ఈ నాలుగు వరుసలు పెట్టడానికి సొంత సైటు కూడా అక్కర్లేదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి ఉంది. మన రాష్ట్రంలోని మండలాలకు, ఊళ్లకు, నియోజకవర్గాలకు అందులో పేజీలున్నాయి. వాటిలో పట్టికలను నిలబెట్టింది జీతం తీసుకునేవాళ్లు కాదు, మీలాంటి మామూలు జనమే. విజువల్ ఎడిటర్‌లో టేబుల్ ఎంచుకుంటే గళ్లు వచ్చేస్తాయి, వర్డ్‌లో చేసినట్టే నింపొచ్చు. పైగా అక్కడ ఒక మంచి అలవాటు పడుతుంది. ప్రతి అంకెకూ ఆధారం అడుగుతారు. తప్పు రాస్తే ఇంకొకరు వచ్చి సరిచేస్తారు. మీరు చేసిన ప్రతి మార్పూ తేదీతో సహా చరిత్రలో ఉంటుంది. ఇంటర్వ్యూలో ఆ చరిత్ర పేజీ చూపించండి, ఎవరూ కాదనలేరు.

మామిడికాయ నేర్పే పాఠం

ఇప్పుడు అసలైన పరీక్షకు వద్దాం. మన దగ్గర మే, జూన్, జులై వచ్చిందంటే ఏ ఇంట్లో చూసినా మామిడి మాటే. బంగారుపాళ్యం యార్డులో ఎంత, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎంత, టోకెన్ ఎప్పుడు. ఈ ధరలు ఒక చోట పెట్టాలనుకోండి. నిలువు వరుసలు ఏముండాలి?

తేదీ, రకం, ధర. మూడు చాలు అనిపిస్తుంది. మొదలుపెట్టాక చిక్కులు బయటపడతాయి. మొదటిది పేరు. ఒకరు తోతాపురి అంటారు, ఇంకొకరు బెంగళూరా అంటారు, కోస్తా వైపు అదే కాయ కలెక్టర్. మనం బేనిషా అనేదాన్ని బయట బంగినపల్లి అంటారు. మనకు తెలుసు, కంప్యూటర్‌కు తెలీదు. దాని లెక్కలో అవి వేర్వేరు కాయలు. 'తోతాపురి' అని వెతికినవాడికి 'బెంగళూరా' అని రాసిన వరుసలు కనపడవు. అందుకే ఒక పేరు ఖరారు చేసుకుని, మిగతా పేర్లు పక్క గడిలో రాయాలి. గూగుల్ షీట్స్‌లో 'డ్రాప్‌డౌన్' పెడితే ఆ గడిలో మీరు అనుమతించిన పేరే పడుతుంది, అక్షరం తేడా రాదు.

రెండోది కొలత. అగ్‌మార్క్‌నెట్ అనే కేంద్ర ప్రభుత్వ సైటులో మార్కెట్ ధరలు క్వింటాలో ఉంటాయి. మన రైతు టన్నులో మాట్లాడతాడు. ఇంట్లో కిలోలో మాట్లాడతాం. కిలోకు 8 రూపాయలంటే క్వింటాకు 800, టన్నుకు 8,000. మూడూ ఒకే ధర. ఒకే నిలువు వరుసలో మూడు కొలతలూ కలిసిపోతే, నేను చేసిన తప్పే మీరూ చేస్తారు. కొలతను నిలువు వరుస తలమీదే రాయండి. గడిలో అంకె మాత్రమే ఉండాలి. "రూ.8/-", "8 రూ", "ఎనిమిది" అని తలో రకంగా రాస్తే షీటు వాటిని కూడలేదు, సర్దలేదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. 2025 సీజన్‌లో తోతాపురికి కిలో 12 రూపాయలు దక్కేలా చూస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 రూపాయలు ప్రభుత్వం రైతు ఖాతాలో వేయాలి. మీ పట్టికలో 'ధర' అని ఒకే గడి ఉంటే ఏం రాస్తారు? 12 రాస్తే, గేటు దగ్గర 12 చేతికొస్తాయని రైతు అనుకుంటాడు. 8 రాస్తే, రావాల్సిన 4 సంగతి పట్టికలోంచి మాయమైపోతుంది. అందుకే మూడు గళ్లు కావాలి. ఫ్యాక్టరీ ఇచ్చింది, ప్రభుత్వం ఇచ్చింది, మొత్తం. ఇంకా నిజాయతీగా ఉండాలంటే 'ప్రకటించిన ధర', 'చేతికొచ్చిన ధర' వేర్వేరుగా ఉండాలి. ఈ రెంటి మధ్య తేడాయే మన జిల్లాలో రోడ్డెక్కే గొడవ.

చూశారా? ఇక్కడ ఒక్క లైను కోడ్ లేదు. ఏ గడి ఉండాలో నిర్ణయించడంలోనే సగం పని ఉంది. అది తెలియాలంటే తోట తెలియాలి, యార్డు తెలియాలి, మన మాట తెలియాలి. బెంగళూరులో కూర్చున్న ఇంజినీరు కంటే ఈ విషయంలో పూతలపట్టు బీకాం విద్యార్థి ఒక మెట్టు పైనే ఉంటాడు. మీరు బలహీనత అనుకుంటున్న ఊరే ఇక్కడ మీ బలం.

అక్షరాలు, తేదీలు: చిన్నవే, ముంచేస్తాయి

డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించిన తెలుగు జాబితా మీకు ఎప్పుడైనా వచ్చిందా? చాలా చోట్ల ఇంకా అను ఫాంట్లు వాడుతున్నారు. అవి ప్రింటుకు బాగుంటాయి. అదే మ్యాటర్ వెబ్‌సైట్‌లో అతికిస్తే అర్థం కాని గుర్తులు వస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ కాదు. ముందు యూనికోడ్‌లోకి మార్చి, మార్చాక ఒత్తులు, పొల్లులు కళ్లతో సరిచూసి, ఆ తర్వాతే పట్టికలో పెట్టాలి.

సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగంతా పిచ్చి గుర్తులుగా మారడం కూడా మామూలే. ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అనే రకాన్ని ఎంచుకుంటే ఆ బాధ తప్పుతుంది.

తేదీ ఇంకో తలనొప్పి. 05/06/2025 అంటే మనకు జూన్ 5. అమెరికా పద్ధతిలో సెట్ అయిన షీటుకు అది మే 6. షీటు సెట్టింగ్స్‌లో లొకేల్‌ను 'ఇండియా' చేయండి, లేదా నెలను అక్షరాల్లో రాయండి. హాల్‌టికెట్ నంబరు ముందు సున్నా ఉంటే షీటు దాన్ని మింగేస్తుంది. నంబరు మధ్యలో 'ఇ' అనే ఇంగ్లిష్ అక్షరం ఒక్కటే ఉంటే దాన్ని పెద్ద సంఖ్యగా మార్చేస్తుంది. అలాంటి నిలువు వరుసను ముందే 'ప్లెయిన్ టెక్స్ట్' చేసుకోవాలి.

ఇవి మనలాంటి కొత్తవాళ్లకే వచ్చే ఇబ్బందులు అనుకోకండి. 'మార్చ్1', 'సెప్ట్1' అనే మానవ జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని, చివరికి శాస్త్రవేత్తలే 2020లో ఆ జన్యువుల పేర్లు మార్చుకున్నారు. ఎక్సెల్ ముందు సైంటిస్టులకే తప్పలేదు, మనమెంత! కాబట్టి సిగ్గుపడక్కర్లేదు, కానీ కనిపెట్టుకుని ఉండాలి.

ఏది పెట్టకూడదు?

పట్టిక పెట్టడం ఇంత తేలికైనప్పుడు ప్రమాదమూ అంతే తేలిక. క్లాసులో అందరి మార్కులు, రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఆధార్ నంబర్లు, ఎవరి కులం ఏంటి, ఎవరికి ఏ జబ్బు, ఇవి ఎవరడిగినా బహిరంగ పట్టికలో పెట్టకండి. "గ్రూపులో ఎలాగూ తిరుగుతోంది కదా" అన్నది సాకు కాదు. వ్యక్తిగత సమాచారం కాపాడేందుకు దేశంలో 2023లో చట్టం కూడా వచ్చింది. ఉద్యోగంలో చేరాక మీ మీద ముందుగా పడే బాధ్యత ఇదే. ఏది దాచాలో తెలిసినవాడికే ఏది చూపించాలో తెలుస్తుంది.

తప్పు పట్టుకునే కన్ను

2010లో ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు దేశాల అప్పుల మీద ఒక పరిశోధన పత్రం రాశారు. ప్రపంచమంతా నాయకులు దాన్ని ఉదహరించారు. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థికి క్లాసు అసైన్‌మెంట్‌గా ఏదైనా ఒక పత్రం లెక్కలు మళ్లీ వేసి చూడమన్నారు. ఎంత వేసినా ఆయనకు వాళ్ల జవాబు రాలేదు. వాళ్లనే అడిగి ఎక్సెల్ షీటు తెప్పించుకున్నాడు. చూస్తే సగటు తీసే ఫార్ములా ఐదు దేశాల వరుసలను వదిలేసింది. పత్రంలో ఆయన ఎత్తిచూపిన లోపాల్లో అదొకటి. 2013లో అది బయటపడ్డాక పెద్ద చర్చే జరిగింది. ఆ లోపం పట్టుకోవడానికి ఆయనకు పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అవసరం కాలేదు. షీటు తెరిచి వరుసలు ఓపిగ్గా చూశాడు, అంతే.

మన దేశంలోనూ ఒక ఉదాహరణ ఉంది. కరోనా మొదలైన 2020 మార్చిలో కొందరు వాలంటీర్లు కలిసి 'కోవిడ్19ఇండియా' సైటు మొదలుపెట్టారు. సైటు కట్టడానికి కోడింగ్ తెలిసినవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ రాష్ట్రాల బులెటిన్లు రోజూ చదివి, అంకెలు సరిచూసి, షీటులో ఎక్కించిన వాలంటీర్లు లేకపోతే ఆ సైటు ఖాళీ పెట్టె. 2021 అక్టోబరు చివరి వరకు దాన్ని నడిపారు. పత్రికలు, పరిశోధకులు ఆ అంకెలను వాడుకున్నారు.

"ఏఐ చేసేస్తుంది కదా?"

ఈ ప్రశ్న మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. నిజమే, అడిగితే క్షణంలో పట్టిక గీసిస్తుంది. వరుసలు శుభ్రం చేయడానికి, ఫార్ములా చెప్పడానికి దాన్ని తప్పకుండా వాడుకోండి. కానీ ఈ రోజు యార్డులో తోతాపురి ఎంత పలికిందో దానికి ఎవరు చెప్పాలి? ఎవరూ చెప్పకపోతే నమ్మకంగా ఒక అంకె కల్పించి రాసేయొచ్చు. చూడ్డానికి నిజం అంకెలాగే ఉంటుంది. పెద్దాయన ఫోన్ చేసి "టన్నుకా, క్వింటాకా?" అని అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే. ఏఐ వచ్చాక పట్టిక గీయడానికి విలువ తగ్గింది. పట్టికకు పూచీ పడే మనిషికి విలువ పెరిగింది.

"మరి కోడింగ్ నేర్చుకోవద్దంటారా?" అనకండి. నేర్చుకోండి. వరుసలు వేలల్లోకి పోయి, పట్టికలు ఒకదానితో ఒకటి కలపాల్సి వస్తే ఈ టూల్స్ చాలవు. అప్పుడు డేటాబేస్ కావాలి, కొంత ప్రోగ్రామింగ్ కావాలి. నేను చెప్పేది వరుస క్రమం గురించి. ముందు పని మొదలుపెట్టండి, అవసరం పుట్టాక నేర్చుకోండి. పట్టిక వెనకుండే హెచ్‌టీఎంఎల్ అంటే ప్రధానంగా నాలుగు ట్యాగులే. టేబుల్, టీఆర్, టీహెచ్, టీడీ. మొత్తం పట్టిక, అడ్డ వరుస, తల గడి, మామూలు గడి. మీరు పెట్టిన పట్టికలోనే వాటిని వెతికి చూస్తే మధ్యాహ్నానికి అర్థమైపోతాయి. అవసరం లేకుండా నేర్చుకున్న కోడింగ్ పరీక్ష అయ్యేదాకే గుర్తుంటుంది.

ఇంకో మాట ఇంట్లో పెద్దవాళ్లకు కూడా. కోర్సు ఫీజు కట్టడానికి అప్పు చేసేముందు పిల్లలకు మూడు నెలలు టైమివ్వండి. ఒక పాత కంప్యూటర్, ఇంటర్నెట్ ఉంటే ఈ పని మొదలవుతుంది. పిల్లవాడికి ఈ రకం పని మీద ఇష్టం ఉందో లేదో ఆ మూడు నెలల్లో తెలిసిపోతుంది. ఆ తర్వాత కట్టే ఫీజు వృథా కాదు.

ఇంటర్వ్యూలో ఏం చూపించాలి?

రెజ్యూమెలో "ఎంఎస్ ఎక్సెల్ తెలుసు" అని అందరూ రాస్తారు. మీరు ఆ లైను కింద ఒక లింకు ఇవ్వండి. అది తెరిస్తే ఫోన్‌లోనూ చక్కగా కనిపించే ఒక పట్టిక రావాలి. దాని కింద మూడు వాక్యాలుండాలి. ఈ సమాచారం ఎక్కడిది, చివరిసారి ఎప్పుడు మార్చాం, కొలత ఏమిటి. వీలైతే నాలుగోది కూడా, "తప్పు కనిపిస్తే చెప్పండి" అని ఒక ఈమెయిల్. మీరు సరిదిద్దుకున్న తప్పుల జాబితాను తేదీలతో సహా దాచిపెట్టుకోండి. "మీ బలహీనత ఏంటి?" అని అడిగితే బట్టీ పట్టిన జవాబు చెప్పకుండా ఆ జాబితా చూపించండి. "ఫలానా రోజు క్వింటా, టన్ను తారుమారు చేశాను. ఇలా పట్టుకున్నాను. మళ్లీ జరక్కుండా ఈ ఏర్పాటు చేశాను." పని చేసినవాడే ఈ మాట చెప్పగలడు.

ఈ పట్టికతో ఉద్యోగం వచ్చి తీరుతుందని నేను హామీ ఇవ్వను. అలా హామీ ఇచ్చే కోచింగ్ బోర్డులు మన రోడ్ల మీద ఇప్పటికే చాలా ఉన్నాయి. నేను చెప్పేది ఇంతే. కోడింగ్ రాదన్న కారణంతో మీ అంతట మీరే తలుపు వేసుకోకండి.

వచ్చే ఆదివారం రెండు గంటలు పక్కన పెట్టండి. మీ ఊరికి పనికొచ్చే విషయం ఒకటి ఎంచుకోండి. టమాటా ధర కావచ్చు, బెల్లం ధర కావచ్చు, మీ ఊరి మీదుగా పోయే బస్సుల వేళలు కావచ్చు. పది వరుసలు నింపి పెట్టండి. లింకును ముందు స్నేహితులకు పంపకండి, ఆ సమాచారం నిజంగా అవసరమున్న ఒక్కరికి పంపండి. మీ మామకో, పక్క తోట రైతుకో, రోజూ బస్సెక్కే టీచరమ్మకో. వాళ్లు చూసి ఏదో ఒక ప్రశ్న అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు పట్టికలోనే కనిపించేలా దాన్ని సరిచేయండి. మీ మొదటి ఉద్యోగ అనుభవం ఆ రోజే మొదలైనట్టు లెక్క.